గుండ్లకమ్మకు ఎదురెళ్దాం



గిద్దలూరులో తెల్లారుజామున ఒంగోలు బస్సెక్కే వాళ్లను ఎప్పుడైనా గమనించారా? కంభం చేరేలోపే సగం బస్సు కునుకు తీస్తుంది. మార్కాపురంలో టీకి లేస్తారు. పొదిలిలో ఒకసారి కళ్లు తెరిచి, ఇంకా పొదిలేనా అని మళ్లీ మూస్తారు. చీమకుర్తి దగ్గర రాళ్ల లారీల మోతకు ఎలాగూ మెలకువ వస్తుంది. ఒంగోలులో దిగి కోర్టుకో, ఆఫీసుకో, ఆస్పత్రికో పోయి, పని చూసుకుని, రాత్రికి అదే నిద్రలో వెనక్కి వస్తారు.

ఇవాళ ఆ దారినే తిరగేసి వెళ్దాం. ఒంగోలు పక్కన సముద్రపు ఒడ్డున మొదలుపెట్టి, పడమటికి తిరిగి, మెట్ట మీదుగా మా గిద్దలూరు దాకా, అక్కణ్ణుంచి నల్లమల లోపలికి. నిద్రపోకుండా.

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మా మేనల్లుడు సెలవులొస్తే కారు వేసుకుని తిరుగుతాడు. ఫోటోలు పంపుతాడు. ఒక ఫోటోలో నీలం సముద్రం, ఇంకోదాంట్లో మనిషి అలికిడి లేని ఎర్రమట్టి బయలు, ఆ తర్వాత రోడ్డుకు అడ్డంగా గెంతే కంగారూ. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడానికి రోజులు పడుతుందట. "మామా, ఇలాంటివి మన దగ్గర ఎక్కడున్నాయి" అంటాడు. వాడు పుట్టింది గిద్దలూరు ఆస్పత్రిలోనే. సముద్రమూ, ఎండిన మెట్టా, పులులు తిరిగే అడవీ రెండు వందల కిలోమీటర్ల లోపు ఒకే దారి మీద ఉన్న చోట పుట్టి వాడు ఆ మాట అంటాడు. తప్పు వాడిది కాదులెండి, వాణ్ణి మేమెప్పుడూ తిప్పలేదు.

ఈ మూడూ ఒక్క జిల్లాలోకి రావడం కూడా పాత సంగతేం కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు, అద్దంకి వైపు నేల వచ్చింది. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వచ్చాయి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం వచ్చాయి. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆ తర్వాత కూడా గీతలు మారాయి. 2022లో చీరాల, అద్దంకి బాపట్లకు పోయాయి. మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్నది పడమటి వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన మాట. గుండ్లకమ్మకు మాత్రం ఈ గీతలతో పనిలేదు.

ఆ నది నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. నెమలిగుండం దగ్గర బండల మీంచి దూకి, కంభం చెరువులో ఆగి, మార్కాపురం పక్కగా పోయి, వినుకొండ వైపు వంగి, అద్దంకి మీదుగా మళ్లీ కిందికి తిరిగి, మద్దిపాడు దాటి ఒంగోలు తీరంలో సముద్రంలో కలుస్తుంది. మనం వెళ్లేది దానికి ఎదురు. నది చుట్టు తిరిగి వచ్చిన దూరాన్ని మనం అడ్డదారిన పోతాం. మార్కాపురం దగ్గర మళ్లీ దాన్ని కలుసుకుంటాం.

కొత్తపట్నం తీరం ఒంగోలు వాళ్లకు ఆదివారపు సాయంత్రం. మొక్కజొన్న కంకులు, బజ్జీలు, ఫోటోలు. ఆ గుంపుకు అర కిలోమీటరు అవతలికి నడిస్తే చాలు, తీరం మారిపోతుంది. సరుగుడు తోటలు, ఒడ్డుకు లాగిపెట్టిన ఫైబర్ పడవలు, వలలు బాగు చేసుకునే మత్స్యకారులు కనిపిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అయితే పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరం మొత్తానికీ ఆ 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పల్లెపాలేల్లో అప్పు పుట్టడం ఎంత కష్టమో అక్కడి ఆడవాళ్లను అడగాలి. వల బాగుచేసే మగవాళ్లు ఆ సంగతి చెప్పరు.

ఈ తీరానికి రాత్రిపూట వచ్చే అతిథులు కొందరున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆడ తాబేలు వెనక కాళ్లతో ఇసుకలో గుంత తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, గుంత పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి పోతుంది. ఏడెనిమిది వారాల తర్వాత పిల్లలు బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. మామూలుగా రాత్రి తీరంలో అన్నిటికన్నా వెలుతురుగా ఉండేది సముద్రమే. ఇప్పుడు ఒడ్డున రిసార్టుల దీపాలు, రొయ్యల చెరువుల దీపాలు ఎక్కువయ్యాయి, దాంతో కొన్ని పిల్లలు దారి తప్పి పొలాల వైపు పాకుతాయి. పెద్ద తాబేళ్లకు ఇంకో ప్రమాదం. అవి గాలి పీల్చే ప్రాణులు, ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తాయి. చలికాలం చివర ఈ ఒడ్డున నడిచేవాళ్లకు కొట్టుకొచ్చిన తాబేళ్ల డిప్పలు తప్పక కనిపిస్తాయి. పిల్లలతో వెళితే వాటిని దాటించేయకండి. చూపించి, ఎందుకిలా అయిందో చెప్పండి.

నది కూడా ఇక్కడికి రావడానికి అవస్థ పడుతూనే ఉంది. మల్లవరం దగ్గర కట్టిన గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు 2022లో ఒకటి, 2023 డిసెంబరు తుపానుకు ఇంకొకటి కొట్టుకుపోయాయి. పడమట మేము బిందెకు ఇంత అని లెక్కపెట్టుకునే నీళ్లు ఇక్కడ ఆపేవాడు లేక సముద్రంలోకి పోయాయి. ఆ వార్త రేడియోలో విన్న రోజు గిద్దలూరులో చాలామంది అన్నం సరిగా తినలేదు. ఇందులో అతిశయోక్తి ఉందనుకుంటే మీరు మెట్టవాళ్లు కారన్నమాట.

ఒంగోలు ఊళ్లో ఆగం. ఒక్క మాట మాత్రం. గిత్తలను చూడాలనుకుంటే ఊళ్లో వెతక్కండి, బండ లాగుడు పోటీలు జరిగే పల్లెల్లో చూడండి. ఆ జాతి బ్రెజిల్ వెళ్లి, నెలోర్ అన్న పేరుతో అక్కడ కోట్లకు పెరిగింది. మన దగ్గర ట్రాక్టర్లొచ్చి తగ్గింది.

కర్నూలు రోడ్డు పట్టుకుని పడమటికి తిరగగానే చీమకుర్తి. నల్లటి రాయి మీద బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు దొరికేది ఇక్కడే. చైనాకూ, ఇటలీకీ పోతుంది. గనుల గుంతలు ఎంత లోతంటే కింద తిరిగే లారీ పైనుంచి అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. పక్కనే రామతీర్థం జలాశయం, నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు నిలిపే చోటు. అక్కడి దాకా పొలాల్లో పచ్చదనం ఉంటుంది. అది దాటాక కాలువ మాట తగ్గిపోయి బోరు మాట మొదలవుతుంది.

ఇక్కణ్ణుంచి మార్కాపురం దాకా ఉన్న నేలే అందరూ నిద్రలో దాటేది. నా ప్రసంగం అంతా దీని కోసమే అనుకోండి. సముద్రం గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. పులి గురించి చెప్పడానికి ఇంకా ఎక్కువమంది ఉన్నారు. పొదిలి మెట్ట గురించి చెప్పేవాళ్లు లేరు.

దూరం నుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. ఎర్ర చెలకలు, గరప నేలలు, కంది, సజ్జ, పొగాకు, అక్కడక్కడా బత్తాయి తోట. నీళ్లు లేక వ్యవసాయం మానేసిన వాళ్లు వేసుకున్న జామాయిల్ వరసలు. తుమ్మ, రేగు, చిల్లచెట్లు. బస్సు దిగి ఒక పొలంగట్టు మీద అరగంట కూర్చుంటే తప్ప ఈ నేల మాట్లాడదు. అప్పుడు కౌజు పిట్టల అరుపు వినిపిస్తుంది. కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపిస్తుంది. కాళ్ల దగ్గర్నుంచే చెవులపిల్లి లేచి పరుగెత్తుతుంది, అంతసేపూ అది అక్కడే ఉందని మనకు తెలియదు. కంది చేలల్లో నెమళ్లు, రాత్రిళ్లు అడవి పందులు. పందుల గురించి రైతు దగ్గర ముచ్చటగా మాట్లాడకండి, పంట పోయినవాడికి వన్యప్రాణి ముద్దు రాదు.

గొర్రెల మందలు ఈ మెట్టకు అసలు సంపద. నెల్లూరు జాతిలో తెల్లటి ఒంటి మీద, మూతి దగ్గరా కళ్ల చుట్టూ నల్లమచ్చలుండేవి జోడిపి, మొత్తం తెల్లగా ఉంటే పల్ల, ఎర్రగా ఉంటే దొర. ఈ గొర్రెల ఒంటి మీద ఉన్ని ఉండదు, ఎండకు తట్టుకుంటాయి, కాళ్లు పొడవు, రోజుకు ఎంత దూరమైనా నడుస్తాయి. మేత అయిపోగానే కాపరులు మందను తోలుకుని కోత అయిపోయిన మాగాణుల వైపు పోతారు. రాత్రి ఏ రైతు పొలంలో మంద కడితే ఆ రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు, ఎందుకంటే తెల్లారేసరికి ఆ మడికి ఎరువు పడి ఉంటుంది. ఇంటి ముఖం చూడకుండా నెలల తరబడి నడిచే ఆ కాపరులను మించిన యాత్రికులు ఈ జిల్లాలో లేరని నా అభిప్రాయం. వాళ్లను మనం యాత్రికులని ఎప్పుడూ అనం. బస్సుకు అడ్డమొచ్చారని హారన్ కొడతాం.

ఇక్కడి నీళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావి. ఎద్దులు ఉన్నట్టుండి కుంటడం, కొత్త ఎద్దును తెచ్చినా కొన్నాళ్లకు దానికీ అదే రావడం రైతులు ముందుగా గమనించారు. 1937లో మద్రాసు రాష్ట్రపు వైద్యులు ఈ ఊళ్ల మనుషుల్ని పరీక్షించి, బావి నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలను పట్టేస్తోందని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొట్టమొదట లోకానికి తెలిసింది ఈ మెట్టలోనే. పండ్ల మీద పసుపు గీతలు, నడుం వంగిపోయిన నలభై ఏళ్ల మనిషి. కనిగిరి వైపు ఊళ్లలో ఇప్పటికీ చూడొచ్చు. వాన సరిగా పడక, జనం బోరును లోతుకు దించుకుంటూ పోయేకొద్దీ రాతి పొరల్లోని నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ వస్తుంది. కాబట్టి ఈ దారిన పోయేటప్పుడు ఎవరింట్లోనైనా మంచినీళ్లు అడిగితే, వాళ్లు మీకిచ్చేది డబ్బు పెట్టి కొన్న క్యాన్ నీళ్లని గుర్తుంచుకుని తాగండి.

ఉత్తరాన రైలు దారి మీద దొనకొండ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే బయల్లో అలాగే పడి ఉంది. 2014లో రాజధాని అక్కడే వస్తుందని గాలి కబురు లేచింది, సెంటు భూమి చూడనివాళ్లు కూడా ఎకరాల లెక్కన మాట్లాడారు. తర్వాత అక్కడ మళ్లీ మేకలే మేశాయి.

మార్కాపురం దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన నల్లని గుట్టలు మొదలవుతాయి. కొండలు కావవి, పలక గనుల్లోంచి తీసి పారబోసిన చెక్కులు. మీలో నలభై దాటిన వాళ్లు అ ఆలు దిద్దింది బహుశా ఈ ఊరి పలక మీదే. గనిలో రాయిని ఉలితో తడితే పొరలు పొరలుగా విడిపోతుంది. దాన్ని కొలతకు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే పలక. ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ వచ్చాక ఆ చట్రాలు తగ్గిపోయాయి. ఇప్పుడు అదే రాయి గోడలకూ నేలకూ ఇంటి కప్పులకూ పలకలుగా విదేశాలకు పోతోంది. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుంది. అది ఒకసారి పోయాక తిరిగి రాదు. రంగురంగుల పలకలు చూసి మురిసేవాళ్లు ఫ్యాక్టరీ లోపలికి పోయి ఒక పావుగంట నిలబడి రావాలి.

కానీ ఆ రాయి గురించి చెప్పవలసిన పెద్ద సంగతి వేరే ఉంది. మనం సముద్రం దగ్గర బయల్దేరి, దాన్ని వంద కిలోమీటర్లు వెనక వదిలేశామనుకుంటున్నాం కదా. పలక చెక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. అది సముద్రపు బురద. వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట ఇక్కడ సముద్రం ఉండేది. అప్పటికి చెట్లూ చేపలూ ఇంకా పుట్టలేదు. నదులు తెచ్చిన మెత్తటి ఒండ్రు అడుగున పొర మీద పొరగా పేరుకుని, మీది బరువుకూ నేల లోపలి ఒత్తిడికీ గట్టిపడి పలకరాయి అయింది. ఇసుక పేరుకున్న చోట్ల గట్టి క్వార్ట్‌జైటు రాయి అయింది. నల్లమల శిఖరాలన్నీ ఆ రాయే. బురద రాయి మెత్తన కాబట్టి వానకు అరిగి లోయ అయింది, ఇసుక రాయి అరగక కొండ అయి నిలబడింది. ఈ పలకరాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో కంభం పేరే ఉంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ల మీద పెద్ద గ్రంథం రాసినప్పటి నుంచి ఈ కొండలు ఆ శాస్త్రం చదివేవాళ్లకు పాఠమయ్యాయి. గిద్దలూరు పిల్లలకు మాత్రం ఈ పాఠం ఎవరూ చెప్పరు. సముద్రం చూడాలంటే ఒంగోలు పోవాలనే చెప్తారు.

మార్కాపురం నుంచి కంభం. గుండ్లకమ్మ మళ్లీ ఇక్కడ మన పక్కకొస్తుంది. ఏటికీ, దాంట్లో కలిసే జంపలేరుకీ అడ్డంగా, రెండు కొండల మధ్య సందులో కట్ట వేసి ఆపిన నీళ్లే కంభం చెరువు. చెరువు అని మనం అలవాటుగా అంటాం కానీ నిండినప్పుడు దాదాపు ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. కట్ట ఎత్తు 57 అడుగులు. కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఊరి మాట. రాయలవారితో పొసగక ఆమె ఈ కొండల మధ్య ఉండిపోయిందనీ, తన సొమ్మంతా కట్టకు పోసిందనీ కథలు చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ కట్ట ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ నీటి కట్టడాల్లో చేర్చింది. కర్నూలు కడప కాలువా, పోరుమామిళ్ల చెరువూ అదే ఏడు చేరాయి. మూడూ ఒకే మెట్ట చుట్టుపక్కలవి కావడం యాదృచ్ఛికం కాదు. నీళ్లు దండిగా ఉన్నచోట ఎవరూ ఇంత తెలివి ఖర్చు పెట్టరు.

కట్టమీద నిలబడితే ఆ పని ఎంత తెలివిదో తెలుస్తుంది. కొండలు చుట్టూ కోటగోడలా ఉండి ఒక్కచోట మాత్రం సందు వదిలాయి. కట్టినవాళ్లు ఆ సందునొక్కదాన్నే మూశారు. తక్కువ కట్టడం, ఎక్కువ నీళ్లు. ఇవాళ్టి ఇంజనీర్లు డ్యాముకు చోటు వెతికేదీ ఇలాగే. చెరువు నిండిన ఏడాది చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం కట్టమీదికి తిరణాలకొచ్చినట్టు వస్తారు. ఆ తర్వాత ఎండిన ఏళ్లలో అడుగున దోసకాయలు పండిస్తారు. పక్షుల్ని చూడాలంటే చలికాలంలో పొద్దున్నే వెళ్లండి. పూడిక సంగతి మాట్లాడ్డానికి ఏ కాలమైనా పనికొస్తుంది, ఎందుకంటే అది ఎప్పుడూ తీయరు.

కంభం దాటితే తూర్పున వెలిగొండలు, పడమట నల్లమల, మధ్యలో లోయ. ఈ లోయలోనే గిద్దలూరు. మా ఊరి పక్క సగిలేరు దక్షిణానికి పోయి పోరుమామిళ్ల మీదుగా పెన్నలో కలుస్తుంది. నాలుగడుగులు అవతల రాచర్ల వైపు పడిన వాన గుండ్లకమ్మలోకి పోయి ఒంగోలు చేరుతుంది. ఒకే మబ్బులోంచి పడిన చినుకుల్లో కొన్ని నెల్లూరు వైపు, కొన్ని ఒంగోలు వైపు. అందుకే మా ఊళ్లో అటు చుట్టాలూ ఇటు చుట్టాలూ సమానంగా ఉంటారని మా పెద్దాయన ఒకరు నవ్వుతూ అంటుండేవారు. నెమలిగుండం రంగనాయకస్వామి గుడి రాచర్ల మండలంలో, అడవి అంచున ఉంది. వానాకాలంలో గుండ్లకమ్మ అక్కడ కొండ మీంచి గుండంలోకి దూకడం చూస్తే, కొత్తపట్నం దగ్గర చూసిన ఇసుక నది ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

ఇక నల్లమల. దీంట్లోకి పోవడానికి నాకు నచ్చిన దారి రైలు. గిద్దలూరు నుంచి దిగువమెట్ట, చలమ, బొగద సొరంగం దాటుకుంటూ అవతల గాజులపల్లికి. 1880ల్లో ఇంగ్లీషు ఇంజనీర్లు మీటర్‌గేజి వేసిన దారి ఇది. 1990ల్లో బ్రాడ్‌గేజి వేసినప్పుడు లైను మార్చి పాత దొరబావి వంతెనను అడవికి వదిలేశారు. ఈ దారిలో నంద్యాల ప్యాసింజరు నెమ్మదిగా ఎక్కుతుంటే విసుక్కునేవాళ్లను చూసి నాకు జాలేస్తుంది. కిటికీ పక్క సీటు దొరికాక ఇంకేం కావాలి?

ఈ రైలు దారితోనే ముడిపడిన ఒక సంగతి చెప్తాను. ఒకప్పుడు గుత్తి రైల్వే కలప యార్డులో నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడు దొరికింది. 1899లో లండన్ శాస్త్రవేత్త పోకాక్ దానికి పేరు పెట్టి వర్ణించాడు. తర్వాత వందేళ్లు అది ఎవరికీ కనిపించలేదు. గుత్తి చుట్టూ అలాంటి చెట్లూ లేవు, అలాంటి అడవీ లేదు. 2001లో మళ్లీ దొరికింది. ఎక్కడ? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో. అంటే ఆ మొదటిది మా అడవి దుంగల్లో దాక్కుని, రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. లోకంలో ఇంకెక్కడా లేని ఈ సాలీడు ముసలి చెట్ల తొర్రల్లో బతుకుతుంది. దాని నీలం రంగు పూసిన రంగు కాదు, ఒంటి మీది వెంట్రుకల్లో ఉన్న అతి సన్నని అమరిక వల్ల వెలుతురు అలా విరుగుతుంది. విదేశాల్లో దీన్ని పెట్టెల్లో పెంచుకునే మోజు ఉంది, అంతరించిపోయే ప్రాణుల జాబితాలో అత్యంత ప్రమాదపు మెట్టు మీద ఉంది. గిద్దలూరులో ఎంతమందికి తెలుసు? పులి పేరు చెప్తే అందరూ లేచి కూర్చుంటారు, చెట్టుతొర్రలో ఉన్న ఈ చుట్టాన్ని ఎవరూ పట్టించుకోరు.

సరే, పులి. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. వైశాల్యంలో దేశంలోని పులుల అడవులన్నిటికన్నా పెద్దది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. 1990ల్లో, 2000 తర్వాత కొన్నేళ్లు ఈ అడవి పేరు వింటే పులికన్నా ముందు తుపాకులు గుర్తొచ్చేవి. 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు చర్చల కోసం బయటికొచ్చింది ఇక్కడి చిన్న ఆరుట్ల నుంచే. ఆ రోజుల్లో అడవి సిబ్బందికి లెక్కలు తీయడమే కష్టమయ్యేది. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి, చారలను బట్టి ఏ పులి ఏదో గుర్తుపడుతున్నారు. మనిషి వేలిముద్రలాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. 2018 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కు 48 పులులు, 2022లో 63.

పులిని చూస్తామని వెళ్లకండి, నిరాశపడతారు. దోర్నాల శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. దుప్పి, కణితి, మనుబోతు, అదృష్టం ఉంటే రేసుకుక్కల గుంపు కనిపిస్తాయి. వానాకాలంలో మూడు నెలలు మూసేస్తారు. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు పోనివ్వరు. శ్రీశైలం వెళ్లే భక్తులు అక్కడ గొడవపడటం మామూలే. నా మట్టుకు అది మంచి నియమం. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు వాటిది. నంద్యాల గిద్దలూరు రోడ్డు మీద కూడా రాత్రిపూట దిగి సెల్ఫీలు తీసుకోకండి. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ చనిపోయింది. అడవి అంచున బతికేవాళ్లు దినదినం మోసే భయం అది, మనకు వినోదం కాకూడదు.

అడవిని అందరికన్నా బాగా చదవగలిగినవాళ్లు చెంచులు. నరసింహస్వామిని వాళ్లు అల్లుడంటారు, చెంచులక్ష్మి వాళ్ల ఆడపిల్ల కాబట్టి. తేనె, జిగురు, దుంపలు సేకరించే ఈ మనుషుల్ని ఇప్పుడు అటవీశాఖ అడవి కాపలాకు తీసుకుంటోంది. అడుగుజాడ పొద్దుటిదో నిన్నటిదో, పులి ఆడదో మగదో వాళ్లు చెప్పేది వింటే మన చదువులు చిన్నబోతాయి. గుండ్ల బ్రహ్మేశ్వరం చుట్టుపక్కల మొక్కల మీద శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. నేలవేముకు చుట్టమైన ఒక మొక్కకు నల్లమల పేరే పెట్టారు. వాళ్లను ఆ మొక్కల దగ్గరికి నడిపించిన చెంచుల పేర్లు మాత్రం పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తాయి.

ఈ అడవి కడుపులోంచే మెట్టకు నీళ్లు రావాలి. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు నుంచి నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు అంటే ఇదే. 1996లో శంకుస్థాపన జరిగింది. పైన పులుల అడవి కాబట్టి యంత్రంతో ఒక చివర నుంచి తొలుచుకుంటూ పోవలసి వచ్చింది. ఒక సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024 మొదట్లో ముగిశాయి. శంకుస్థాపన రోజున పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. పైన పులి నడుస్తుంటే కింద కృష్ణ నీళ్లు పోయి, పొదిలిలో బావి నీళ్లు తాగి నడుం వంగిన మనిషి ఇంటికి చేరాలి. దారి మధ్యలో నిద్రపోయేవాళ్లకు ఈ రెంటికీ సంబంధమేమిటో తోచదు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. వానలు పోయాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. అప్పుడు చెరువులో నీళ్లుంటే ఉంటాయి, కంది పూతకొస్తుంది, తీరంలో తాబేళ్లు మొదలవుతాయి, అడవి ఇంకా పచ్చగా ఉంటుంది. ఏప్రిల్, మేలో వస్తే మిమ్మల్ని చూసి మేమే జాలిపడతాం. సొంత కారు కన్నా బస్సే మేలు, పొదిలిలోనో తర్లుపాడులోనో దిగిపోవచ్చు. గుండ్ల బ్రహ్మేశ్వరం లోపలికి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లే ప్రయత్నం చేయకండి. శివరాత్రికి భక్తులను పంపిస్తారు, ఆ గుంపుతో పోవడమే మంచిది.

మా రైలు బొగద సొరంగం దాటి గాజులపల్లి వైపు దిగుతోంది. అవతల నేల నల్లరేగడి, అది వేరే లోకం. దాని సంగతులు నంద్యాల వాళ్లు ఎవరైనా వచ్చి చెప్తే నేనూ వింటాను. సెలవు.